నరబలి ఎవరు ఇస్తారు? - పట్నం, పల్లె ఒకరి గురించి ఒకరు నమ్మినవి

మన భాషలో 'నాగరికుడు' అన్న మాట నగరం నుంచి పుట్టింది. నగరంలో ఉండేవాడు నాగరికుడు. కాబట్టి లేనివాడు అనాగరికుడు. 'గ్రామ్యం' అంటే గ్రామానికి చెందినది అని అర్థం రావాలి. కానీ మన అలంకార శాస్త్రాల్లో అది ఒక దోషం పేరు. మోటు, అసభ్యం అని దాని అర్థం. ఇంగ్లీషు వాళ్లేమీ మనకు తీసిపోలేదు. విలన్ అన్న మాట లాటిన్‌లో పల్లెటూరి కమతంలో పనిచేసే కూలీ అన్న మాటలోంచి వచ్చింది. విగ్రహారాధకుణ్ణి తక్కువ చేసి పిలిచే 'పేగన్' అన్న మాటకు మూలార్థం పల్లెటూరివాడు. నిఘంటువులు రాసింది నగరంలో కూర్చున్నవాళ్లు. అందుకే తిట్లన్నీ ఊరి పేరు మీదే నమోదయ్యాయి.

గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడినప్పుడు పండితులు ఆయన్ని 'గ్రామ్యవాది' అన్నారు. ఇది చాలామందికి తెలుసు. అదే మనిషి పర్లాకిమిడిలో సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారని, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువరించారని గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. రైతు మాట భాషే అన్నవాడికి కొండమీది మనిషి మాట కూడా భాషగానే వినిపించింది. ఈ రెండు పనులకూ వెనక ఉన్నది ఒకటే బుద్ధి.

నేను బి.కాం. చదివి రక్షణ శాఖ ఖాతాల విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. చరిత్రకారుణ్ణి కాను. మా ఆఫీసులో ఒకటే నియమం: వోచరు లేని పద్దు చెల్లదు. ఎంత పెద్ద అధికారి సంతకం పెట్టినా ఆధారం కాగితం ఏదని అడగాల్సిందే. హేతువాద సంఘంలో చేరినప్పుడు నాకు కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా కనిపించలేదు. అక్కడా అదే ప్రశ్న.

మా దగ్గర బంధువు ఒకరి ఉద్యోగం వల్ల బస్తర్‌లోని గీదంలో అప్పుడప్పుడు కొన్ని వారాలు ఉండే అవకాశం వచ్చింది. జగదల్‌పూర్ నుంచి సుమారు 75 కిలోమీటర్లు. అక్కడ రోడ్డు చీలుతుంది. ఒకటి దంతెవాడ మీదుగా బచేలి, కిరందుల్ ఇనుప గనులకు పోతుంది. ఒకటి బీజాపూర్, భోపాలపట్నం మీదుగా మన గోదావరి వైపు వస్తుంది. ఇంకొకటి బార్సూర్‌కు. ఆ బార్సూర్‌లో నాగవంశపు రాజుల కాలం నాటి 11వ శతాబ్దపు తెలుగు శాసనం దొరికింది. దంతెవాడలోని దంతేశ్వరి గుడి, 1323లో ఓరుగల్లు పడిపోయాక ఇటు వచ్చాడని చెప్పే కాకతీయ అన్నమదేవుడి వంశానికి ఇలవేల్పు. అంటే తెలుగువాడికి ఇది పరాయి దేశమేమీ కాదు. తెలుగువాడు ఇక్కడికి అధికారిగానో, రాజుగానో, వ్యాపారిగానో వెయ్యేళ్లుగా వస్తూనే ఉన్నాడు.

గీదంలో నాకు మొదట అర్థమైన సంగతి, పట్నం, పల్లె అనేవి స్థిరమైన పేర్లు కావని. రాయపూర్‌వాడి దృష్టిలో జగదల్‌పూర్ అడవి. జగదల్‌పూర్‌వాడి దృష్టిలో గీదం అడవి. కొండ దిగి సంతకు వచ్చే మాడియా మనిషికి గీదమే మహానగరం. ప్రతివాడూ తనకంటే లోపల ఉన్నవాణ్ణి చూసి అమాయకుడనో క్రూరుడనో అంటాడు. తనకంటే బయట ఉన్నవాణ్ణి చూసి మోసగాడంటాడు. ఆ అనే మాటలు మాత్రం ఎక్కడైనా ఒకటే.

బజారులో టీ కొట్టు దగ్గర కూర్చుంటే వినిపించేవి ఇవి: "వీళ్లకు రేపటి ధ్యాస ఉండదు. తాగడం, కొట్టుకోవడం. లోపలి ఊళ్లలో ఇప్పటికీ నరబలులు జరుగుతాయి." సరే. మరి లోపలి ఊళ్లవాళ్లు ఏమంటారు? హిందీ, హల్బీ రెండూ వచ్చిన ఒక పెద్దాయన్ని అడిగితే ఆయన నవ్వి చెప్పిన సమాధానం ఇది. పెద్ద వంతెన కడితే, రైలుకు సొరంగం తవ్వితే సర్కారు పిల్లల తలలు అడుగుతుందని ఆయన చిన్నప్పుడు ఊరంతా భయపడేదట. జీపు చప్పుడు వింటే పిల్లల్ని అడవిలోకి తరిమేవారట. మన కోస్తా జిల్లాల్లో మా చిన్నతనంలోనూ బ్రిడ్జి పని మొదలైతే ఇదే మాట వినిపించేది. ముసలమ్మలు పిల్లల్ని వీధిలోకి పోనిచ్చేవాళ్లు కారు.

ఇద్దరూ ఒకరి మీద ఒకరు మోపుకున్న నేరం ఒకటే అన్నది గమనించండి. నరబలి. ఈ పద్దుకు వోచర్లు ఉన్నాయా అని వెతికితే రెండు వందల ఏళ్ల చరిత్ర బయటపడుతుంది.

1835-37 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా గుంసూరు కొండల్లో కంపెనీ సైన్యం యుద్ధం చేసింది. ఆ యుద్ధం తర్వాతే రస్సెల్ అనే అధికారి నివేదికల ద్వారా కోందుల మెరియా బలి గురించి బయటి లోకానికి వివరంగా తెలిసింది. పంట కోసం, పసుపు బాగా పండడం కోసం భూదేవికి మనిషిని బలి ఇచ్చేవారు. దీన్ని ఆపడానికి 1845లో మెరియా ఏజెన్సీ అని ప్రత్యేక శాఖే పెట్టారు. 1861 దాకా అది నడిచింది. మాక్‌ఫర్సన్, కాంప్‌బెల్ అనే ఇద్దరు అధికారుల పేర్లు ఇందులో ముఖ్యం. 1837 నుంచి 1854 లోపల పదిహేను వందల మందికి పైగా బలి పశువులను విడిపించామని ప్రభుత్వ లెక్క. మెరియా బలి కట్టుకథ కాదు. జరిగింది. క్రూరమైనది. ఆపవలసినదే. ఆదివాసుల మీద గౌరవం కొద్దీ ఈ మాట దాచిపెట్టడం హేతువాదం అనిపించుకోదు. అయితే బలికి పెంచే పిల్లల్ని కోందులకు అమ్మింది ఎక్కువగా చుట్టుపక్కల పానో, డోంబు కులాల వర్తకులు. వాళ్లు ఆ పిల్లల్ని కొన్నది, ఎత్తుకొచ్చింది పల్లపు ఊళ్ల నుంచి కూడా. అడవికీ మైదానానికీ మధ్య నడిచిన వ్యాపారం అది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. కాంప్‌బెల్ తన పదమూడేళ్ల ఉద్యోగం గురించి 1864లో వెలువడిన పుస్తకంలో ఒక విచిత్రమైన సంగతి రాశాడు. ఆయన మెరియాలను విడిపించి తీసుకుపోతుంటే కొండల్లో ఒక పుకారు పుట్టింది. గుంసూరులో దొర ఒక పెద్ద చెరువు తవ్వించాడు, అందులో నీళ్లు నిలవడం లేదు, జలదేవతకు బలి ఇవ్వడానికే మన మెరియాలను పోగుచేస్తున్నాడు అని! నరబలి ఆపడానికి వచ్చినవాణ్ణే నరబలి ఇచ్చేవాడిగా నమ్మారు. ఎందుకు నమ్మరు? వాళ్ల లెక్క ప్రకారం అది పూర్తిగా సహేతుకం. ఒక అపరిచితుడు సైన్యంతో వచ్చి, ఊళ్లు తగలబెట్టి, బలికోసం ఉంచిన మనుషుల్ని మాత్రం జాగ్రత్తగా ఏరి తీసుకుపోతున్నాడు. వాళ్లను ఏం చేసుకుంటాడు? తమకు తెలిసిన ఉపయోగం ఒకటే. ఆ కారణాన్నే అతనికి అంటగట్టారు. మూఢనమ్మకం అంటే బుర్ర పనిచేయకపోవడం అనుకుంటాం. చాలాసార్లు బుర్ర చురుగ్గానే పనిచేస్తుంది. చేతిలో ఉన్న సమాచారం తప్పు, అంతే.

మరి బస్తర్ సంగతి? దంతేశ్వరి గుడిలో నరబలులు జరుగుతున్నాయని ఆరోపణ వచ్చి, 1842లో గుడి దగ్గర కాపలా పెట్టించారు. అక్కడ నిజంగా ఏం జరిగింది, ఎంత జరిగింది అన్నదాని మీద విచారణలు జరిగాయి, వాదాలు జరిగాయి. ఒక్క విషయం మాత్రం స్పష్టం. దంతేశ్వరి గుడి రాజుగారి గుడి. ఆరోపణ వచ్చింది రాజ్యం మీద, రాజు పూజ మీద. రాజు ఉండేది రాజధానిలో. కానీ ఆ మచ్చ ఎవరికి అంటుకుంది? కొండమీది మాడియాకు, మురియాకు. గీదం టీ కొట్టు దగ్గర ఇవాళ వినిపించే మాట దాని అవశేషమే. కోందులు ఒకచోట చేసినదాన్ని అడవిలో ఉన్నవాళ్లందరి ఖాతాలో వేశారు. రాజు మీద వచ్చిన ఆరోపణను రైతు ఖాతాలో వేశారు. మా ఆఫీసులో దీన్ని తప్పుడు హెడ్డు కింద జమ చేయడం అంటారు. మొత్తం సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ ఖాతా అబద్ధం.

గీదం, దంతెవాడ చుట్టూ ఉండేవాళ్లు ఎక్కువగా దండామి మాడియాలు. నాట్యంలో అడవిదున్న కొమ్ముల తలపాగా పెట్టుకుంటారు కాబట్టి ఇంగ్లీషు పుస్తకాల్లో వాళ్లకు ఆ కొమ్ముల పేరు వచ్చింది. వీళ్లు హంతకులని పాత ప్రచారం. వెరియర్ ఎల్విన్ ఈ విషయం తేల్చడానికి 100 హత్య కేసులు, 50 ఆత్మహత్య కేసులు పరిశీలించి 1943లో ఒక పుస్తకం ప్రచురించాడు. మిగతా తెగల కంటే వీళ్లలో హత్యలు ఎక్కువేనని ఆయన దాచలేదు. కానీ కారణాలు చూస్తే ఏమున్నాయి? సారా మత్తు, ఇంటి తగాదాలు, భార్యాభర్తల మధ్య అనుమానాలు, ఆస్తి గొడవలు. మంత్రాల అనుమానం ఉంది గానీ అది ప్రధాన కారణం కాదు. మన పోలీసు స్టేషన్లలో ఏ ఊరి రికార్డు తీసినా దొరికే కారణాలే ఇవి. రక్తదాహం, ఆదిమ క్రూరత్వం అనే పద్దులకు ఎల్విన్ లెక్కల్లో వోచరు దొరకలేదు.

ఇక తెలివితక్కువతనం గురించి. బస్తర్ అనగానే చదువుకున్న ప్రతివాడూ చెప్పే కథ ఉప్పు కథ. ఆదివాసి సారపప్పు తెచ్చి, అంతే బరువు ఉప్పు పుచ్చుకుని వెళ్లిపోయేవాడు, పాపం వాడికి ఏం తెలుసు అని. ఇవాళ కిలో ఉప్పు ఇరవై ముప్పై రూపాయలు. కిలో సారపప్పు పట్నంలో వెయ్యి రూపాయలు దాటుతుంది. లెక్క చూస్తే గుండె జారుతుంది. నిజమే. కానీ కామర్స్ చదివినవాడిగా ఇంకొంచెం ఆలోచించమంటాను. అడవిలో సారచెట్టు తోట నిండా ఉంది. ఉప్పు ఎక్కడా లేదు. ఉప్పు లేకుండా మనిషి బతకలేడు. సారపప్పు లేకుండా బతుకుతాడు. ఆ మనిషి తనకు కొరతగా ఉన్నదానికి తన దగ్గర పుష్కలంగా ఉన్నది ఇచ్చాడు. ఇందులో తెలివితక్కువతనం ఎక్కడుంది? ఎడారిలో దాహంతో ఉన్న ఆర్థిక శాస్త్ర ప్రొఫెసరైనా బంగారు ఉంగరం ఇచ్చి నీళ్లు కొంటాడు. ఉప్పు తెచ్చేవాడు ఒక్కడే, సారపప్పు కొనేవాడూ ఆ ఒక్కడే కావడం దోపిడీకి అసలు కారణం. తూకం వాడిది, ధర వాడిది, అప్పు పుస్తకం వాడిది. 'వాడికి లెక్కరాదు' అని మనం జాలిపడినప్పుడు తప్పు కొనేవాడి మీదనుంచి అమ్మినవాడి మీదికి జారిపోతుంది. జాలి కూడా ఒక్కోసారి ఇలా మోసానికి సాక్షి సంతకం పెడుతుంది.

చదువు సంగతీ అంతే. 1910 ఫిబ్రవరిలో బస్తర్‌లో భూంకాల్ తిరుగుబాటు వచ్చింది. మామిడి కొమ్మ, మిరపకాయలు, మట్టిబెడ్డ, బాణాలు ఊరూరికీ తిప్పి కబురు చేశారు. నెతానార్‌కు చెందిన గుండా ధుర్ పేరు ఈ తిరుగుబాటుతో ముడిపడింది. ప్రభుత్వం ఆయన్ని చివరిదాకా పట్టుకోలేకపోయింది. తిరగబడ్డవాళ్లు సంతలు దోచారు, పోలీసు ఠాణాల మీద పడ్డారు, బళ్లు తగలబెట్టారు. బళ్లు తగలబెట్టారంటే పట్నంవాడికి ఇంక వేరే రుజువు ఎందుకు? అజ్ఞానులు, చదువంటే గిట్టదు, ఎవరో రెచ్చగొట్టారు. ఆనాటి అధికారుల వివరణ ఇంచుమించు ఇదే.

కానీ ఆ ముందు ఏం జరిగింది? 1905లో మూడింట రెండు వంతుల అడవిని రిజర్వు చేయాలని ప్రతిపాదించారు. పోడు ఆపమన్నారు. వేట, అడవి సరుకు సేకరణ మీద ఆంక్షలు పెట్టారు. అధికారులు వస్తే మూటలు మోయాలి, కోళ్లు, బియ్యం ఇవ్వాలి. అంతా వెట్టి. బడి కూడా ఆ వెట్టి పద్దులోదే. బడి కట్టడానికి ఊరివాళ్లే చాకిరీ చేయాలి, పంతులికి కావలసినవి సమర్పించాలి, పిల్లల్ని బలవంతంగా పంపాలి. ఆ ఊరి మనిషికి బడికీ ఠాణాకూ తేడా కనిపించలేదు. తిరుగుబాటును అణిచారు. కానీ తర్వాత రిజర్వు చేయదలచిన అడవిని దాదాపు సగానికి తగ్గించారు. అంటే ప్రభుత్వమే తన కాగితాల మీద ఆ ఫిర్యాదుల్లో నిజముందని ఒప్పుకున్నట్టు. 'చదువు వద్దన్నారు' అని మనం చెప్పుకోవడం మాత్రం ఆగలేదు.

తర్వాత అరవై ఏళ్లకు బైలాడిల్లా వచ్చింది. 1960లలో కొత్తవలస నుంచి కిరందుల్ దాకా రైలు మార్గం వేశారు. 1968 నుంచి అక్కడి ఇనుప ఖనిజం విశాఖపట్నం రేవు మీదుగా జపాన్ వెళ్లింది. ఆ రైలు గీదం మీదుగానే పోతుంది. మన విశాఖవాళ్లకు అది అభివృద్ధి కథ. లోపలి ఊళ్లవాళ్లకు శంఖిని నది నీరు ఎర్రబడిన కథ. పైగా గనుల పనికి బయటనుంచి వచ్చిన మగవాళ్లలో చాలామంది ఆదివాసి అమ్మాయిలను పెళ్లి మాట చెప్పి చేరదీసి వదిలేశారు. అప్పటి బస్తర్ కలెక్టరు బి.డి. శర్మ, గణిత శాస్త్రం చదువుకున్న మనిషి, ఆ మగవాళ్లను పిలిపించి మూడు వందలకు పైగా పెళ్లిళ్లు చేయించారని ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు. అదే శర్మగారు ఉద్యోగం వదిలి ఆదివాసుల పక్షాన ఉక్కు కర్మాగారాన్ని వ్యతిరేకించినప్పుడు, 1992లో జగదల్‌పూర్ వీధుల్లో ఒక గుంపు ఆయన్ని పట్టుకుని అవమానించి ఊరేగించింది. ఆ గుంపు లోపలి ఊళ్ల నుంచి వచ్చింది కాదు. పట్నం మనుషులది. 1990లలోనే 'మాలిక్ మక్బూజా' కుంభకోణం బయటపడింది. ఆదివాసుల పట్టా భూముల్లోని విలువైన చెట్లను నామమాత్రపు ధరకు కొట్టేసిన వ్యవహారం అది. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

కాబట్టి 'బయటివాడు మోసగాడు' అన్న పల్లె పద్దుకు వోచర్లు దొంతరలుగా ఉన్నాయి. ఇక్కడే మనవాళ్లు కొందరు ఆగిపోతారు. పల్లె అనుమానం అంతా న్యాయమే, పట్నం అభిప్రాయం అంతా అహంకారమే అని తీర్పు ఇచ్చి చేతులు దులుపుకుంటారు. నేను అంతటితో ఖాతా మూయలేను. ఉప్పు వ్యాపారి మోసం చేశాడన్నదానికి ఆధారం ఉంది. టీకా సూది వేసే నర్సమ్మ చంపడానికి వచ్చిందనడానికి ఆధారం లేదు. ఒక వోచరు చూపించి పది పద్దులు రాయడం కుదరదు. అనుమానం బయటివాడి దగ్గర ఆగదు కూడా. ఊళ్లోనే ఒంటరి విధవరాలి మీదికి, నాలుగు ఎకరాలున్న ముసలిదాని మీదికి తిరుగుతుంది. టోనహీ, అంటే మంత్రగత్తె, అని ముద్రవేసి ఆడవాళ్లను హింసించడం ఎంత ఎక్కువగా ఉందంటే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో ప్రత్యేకంగా టోనహీ ప్రతాడనా నివారణ చట్టమే చేయవలసి వచ్చింది. ఆ ముసలిదానికి 'మీ ఊరివాళ్ల అనుమానానికి చారిత్రక కారణాలున్నాయమ్మా' అని చెప్పి రాగలమా?

అలాగని ఇవి పల్లెకే పరిమితం అనుకుంటే మరీ పొరపాటు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగాడన్న వార్త ఢిల్లీలో మొదలై ఫోన్ల మీద ఒక్కరోజులో దేశమంతా పాకింది. ఫోన్లు ఎక్కువగా ఉన్నది ఎవరికి? పట్నాలకే. 2018లో చంద్రగ్రహణం నాడు పసిబిడ్డను బలి ఇచ్చారన్న కేసు నమోదైంది హైదరాబాదు ఉప్పల్ ప్రాంతంలో. 2021 జనవరిలో మదనపల్లెలో ఎదిగిన ఇద్దరు కూతుళ్లు మళ్లీ బతికి వస్తారన్న పిచ్చి నమ్మకంతో ప్రాణాలు పోగొట్టుకున్న ఇంట్లో తల్లిదండ్రులిద్దరూ చదువు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్లు. ఈ వార్తలు చదివి 'పట్నంవాళ్లంతా నరబలులు ఇస్తారు' అని ఎవరైనా అన్నారా? అనరు. అది ఆ ఒక్క ఇంటి సంగతి అంటాం. సరైన మాటే. అదే అడవిలో ఒక్క సంఘటన జరిగితే మాత్రం జాతి మొత్తం లక్షణం అయిపోతుంది. పక్షపాతానికి నాకు తెలిసిన అతి సులువైన పరీక్ష ఇదే: తప్పు మనవాడు చేస్తే వ్యక్తి పేరు రాస్తాం, పరాయివాడు చేస్తే జాతి పేరు రాస్తాం.

జాతి పేరు రాస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాలను పట్టికలో రాసింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన స్టువర్టుపురం ఆ కాలపు సెటిల్‌మెంటే. 1952లో చట్టం పోయింది, 'దొంగల ఊరు' అన్న పేరు పోలేదు. 1970లలో జాషువాగారి కుమార్తె హేమలతా లవణం అక్కడికి వెళ్లి పనిచేయడం నాస్తికోద్యమ చరిత్రలో మనం గర్వంగా చెప్పుకోవలసిన విషయం. ఆ పట్టికల్లో పార్ధీల పేరు కూడా ఉంది. 2018 మేలో తెలంగాణ, ఆంధ్ర జిల్లాల్లో వాట్సాప్‌లో ఏం తిరిగింది? 'పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, మెదడు తింటున్నారు' అని. నూట యాభై ఏళ్ల కిందటి పోలీసు పట్టిక సెల్‌ఫోన్‌లో మళ్లీ లేచింది. దెబ్బలు తిన్నదీ చచ్చిపోయిందీ బిచ్చగాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు, దారి తప్పినవాళ్లు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని కొట్టి చంపారు. ఇందులో పల్లె ఎక్కడ, పట్నం ఎక్కడ? ఇద్దరి భయాలూ కలిసిపోయాయి.

ఇంకో సంగతి మన గడపలోనే ఉంది. 2005 తర్వాత సల్వాజుడుం గొడవల్లో దంతెవాడ, బీజాపూర్ ప్రాంతాల నుంచి వేల మంది పారిపోయి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో తలదాచుకున్నారు. మనవాళ్లు వాళ్లకు గొత్తికోయలని పేరు పెట్టారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు సల్వాజుడుంను తప్పుపట్టింది. పారిపోయి వచ్చినవాళ్ల బతుకు మాత్రం గుడిసెల్లోనే ఉండిపోయింది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యారు. ఘోరం. నిందితులు గొత్తికోయలు. చట్టం తన పని చేసింది. కానీ దాని తర్వాత బెండాలపాడు పంచాయతీ గొత్తికోయలందర్నీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానం చేసింది. ఇద్దరు చేసిన నేరం ఊరంతటి ఖాతాలోకి, పాలు తాగే పిల్లలతో సహా. చేసింది మహానగరం కాదు, ఒక పల్లెటూరి పంచాయతీ. తనకంటే లోపల ఉన్నవాడు దొరికితే ప్రతి ఊరూ పట్నమే అవుతుందని నేను అన్నది ఇందుకే.

అయితే రెండు పక్షపాతాలూ సమానమా? నా లెక్కలో కావు. రెండూ ఆధారంలేని పద్దులే. కానీ పట్నం పక్షపాతం చట్టమవుతుంది, రిజర్వు అడవి గీత అవుతుంది, పోలీసు పట్టిక అవుతుంది, పాఠ్యపుస్తకంలో 'వెనుకబడిన' అన్న మాట అవుతుంది. పల్లె పక్షపాతం చాలావరకు తలుపు మూసుకోవడంగా మిగిలిపోతుంది, ఒక్కోసారి రాయిగా, కర్రగా మారుతుంది. నష్టం ఎంత దూరం పోతుందన్నది తేడా. ఎక్కువ అధికారం ఉన్నవాడి పద్దును ముందు ఆడిట్ చేయాలన్నది మా శాఖలోనూ నియమమే. చిన్న పద్దులు వదిలేయమని మాత్రం ఏ నియమమూ చెప్పదు.

హేతువాద మిత్రులకు నా మనవి కూడా ఇక్కడే. మనం ఊళ్లకు వెళ్లి కొబ్బరికాయలోంచి నిప్పు తెప్పిస్తాం, నాలుక మీద కర్పూరం వెలిగిస్తాం, బాబాల గుట్టు విప్పుతాం. మంచి పనే. రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుడి విధిగా చెప్పింది. కానీ వేదిక మీద నిలబడి 'మీ మూఢనమ్మకాలు' అన్నప్పుడు ఆ 'మీ' అన్న మాటలో ఎంత పట్నం ఉందో చూసుకోవాలి. ఆ ఊరివాడికి మనం కూడా జీపులో వచ్చిన ఇంకో అపరిచితులమే.

2018 పుకార్లప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి చేసింది గుర్తు చేస్తాను. ఆమె పోలీసుల్ని ఊళ్లకు కేటాయించి, పుకారు బలపడకముందే ఇంటింటికీ తిరగమన్నారు. డప్పు వాయించి, పాట పాడి, ఆ ఊరి భాషలోనే ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మకు ఎదురుగా తెలిసిన మనిషి మొహం నిలబడింది. ఆ జిల్లాలో పుకారుకు ప్రాణం పోలేదు. 'అజ్ఞానులు' అని తిట్టి ఉంటే ఈ ఫలితం వచ్చేదా?

కాంప్‌బెల్ దగ్గర సైన్యం ఉంది, చట్టం ఉంది, మంచి ఉద్దేశమూ ఉంది. కొండమీదివాళ్లు ఆయన్ని నమ్మడానికి కారణం మాత్రం లేదు. గిడుగువారి దగ్గర సైన్యం లేదు. ఇంట్లో చోటిచ్చి, పక్కన కూర్చుని మాట నేర్చుకున్నారు. మన సంఘం తరఫున గీదం లాంటి చోటుకు ఎవరైనా వెళ్లేటట్టయితే, గారడీ పెట్టెతోపాటు నాలుగు హల్బీ ముక్కలు, నాలుగు గోండీ ముక్కలు కూడా నేర్చుకుని వెళ్లమని నా సలహా. మొదటి రోజు ఉపన్యాసం వద్దు. సంతలో చింతపండు ధర ఎంత పలుకుతోందో, ఎవరు కొంటున్నారో, తూకం ఎవరిదో అడగండి. ఆ లెక్క తేలాక దెయ్యం సంగతి మాట్లాడదాం.